నిన్న మీరేం చేశారు?

“పొద్దుటిపూట కుర్చీలో కూర్చుని పరదేశాల వాళ్ళతో కబుర్లు చెప్పి రావడం కూడా ఒక పనేనా?” అన్నాడు రిగొబెర్తో.

కోపంగా అన్న మాట కాదది. కోపం తెచ్చుకోవాల్సిన అవసరం ఆ ఇంట్లో అతనికి ఎప్పుడూ పడలేదు. ఆదివారం మధ్యాహ్నం, కోడిపులుసులో రొట్టె ముంచుకుంటూ, కాస్త నవ్వు కూడా కలిపి అన్నాడు. ఎర్లిందా అప్పుడు పెనం ముందు నిలబడి మొక్కజొన్న రొట్టెలు తిప్పుతోంది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు మొగుడు రిగొబెర్తో, రాజధాని నుంచి బస్సులో వచ్చిన ఆడపడుచు ఒదిలియా, హైస్కూల్లో చదువుతున్న కూతురు నొయెమి, భాష నేర్చుకోవడానికి హాలెండు నుంచి వచ్చి వాళ్ళింట్లో దిగిన హన్నెకె. అత్తగారు పక్కగదిలో మంచం మీద ఉంది. ఆవిడ పేరు త్రాన్సితో, అందరూ దోన్యా త్రాన్సితో అంటారు, అంటే త్రాన్సితో అమ్మగారు. అంగట్లో తడినేల మీద కాలు జారి తుంటి విరగ్గొట్టుకుని, ఆపరేషనై, ఈమధ్యే ఇంటికొచ్చింది. వేడి రొట్టెలు ఒక్కొక్కటే బల్ల మీదికి వెళ్తున్నాయి, వెళ్ళినవి వెళ్ళినట్టే అయిపోతున్నాయి.

ఒదిలియా ఊరికే చూసిపోదామని రాలేదు. నిర్ణయం ఇంటి దగ్గరే తీసుకుని బస్సెక్కింది. పొద్దుటిపూట తోడు కూర్చుంటున్న పక్కింటావిడ ఈ వారం దాకే వస్తానంది, అమ్మకి నర్సుని పెడదామంటే పరాయి చెయ్యి పడనివ్వదు, తను రాజధానిలో ఉద్యోగం వదులుకుని రాలేదు, తమ్ముడికి చూస్తే దుకాణం. ఇక మిగిలింది ఎర్లిందా. ఆ లెక్కంతా వేలు మడిచి చెప్పి, చివర్లో ఒదిలియా గొంతు మెత్తబరిచి, “ఏదీ, నీకంత కష్టమైతే నొయెమిని ఈ ఏడాదికి బడి మాన్పిద్దాంలే. ఆడపిల్లేగా, నాలుగు పనులు వంటబడతాయి,” అంది. నొయెమి చెంచా గిన్నెలో ఆగిపోయింది. ఎర్లిందా అటు చూడలేదు కానీ చెంచా ఆగిన చప్పుడు విన్నది.

“ఇంకెందుకు చర్చ? అనుకున్నాం కదా,” అన్నాడు రిగొబెర్తో. ఈ శుక్రవారంతో ఎర్లిందా బళ్ళో పాఠాలు చెప్పడం సరి. అనుకున్నాం అన్న ఆ మాటలోకి తను ఎప్పుడు వచ్చి చేరిందో ఎర్లిందాకి గుర్తులేదు. రొట్టె మాడింది. మాడిన రొట్టె పక్కన పెట్టుకుంది, తన కోసం.

దుకాణం అంటే మరీ ఎక్కడో ఊరవతల ఉందనుకునేరు. రిగొబెర్తో అమ్మేది కార్ల బ్యాటరీలు, ఆ దుకాణం ఆ ఇంటి ముందుగదే. గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే తల్లి దగ్గు వినిపిస్తుంది, తల్లి పిలిస్తే వినిపిస్తుంది. వినిపించగానే అతను కూర్చున్నచోటి నుంచే “ఎర్లిందా!” అని కేకేస్తాడు. అంటే అతను తల్లిని పట్టించుకోడని ఎవరైనా అంటే అది అబద్ధం. పిలుపు అందిన ప్రతిసారీ ముందుకు పంపిస్తాడు.

ఎర్లిందా పనిచేసే బడి రెండు వీధుల అవతల. ఊరి అసలు పేరు కేత్సాల్తెనాంగో, కానీ ఊరివాళ్ళెవరూ ఆ పేరుతో పిలవరు, షేలా అంటారు. షేలాలో స్పానిష్ నేర్పే బళ్ళు సందుకొకటి ఉంటాయి. పాత ఇంటి నడిమి వాకిట్లో చిన్న చిన్న బల్లలు వేసి ఉంటాయి, ఒక్కో బల్లకి ఒక టీచరు, ఒక విద్యార్థి, ఎదురెదురుగా. పొద్దున్న ఎనిమిదికి కూర్చుంటే మధ్యాహ్నం దాకా అంతే. విద్యార్థులు ఊళ్ళో ఎవరో ఒకరింట్లో దిగి, వాళ్ళ పొయ్యి మీద వండింది తిని, మిగతా భాష అక్కడ నేర్చుకుంటారు. టీచరింట్లో ఆ టీచరు విద్యార్థే దిగడం మామూలుగా కుదరదు. కానీ ఈసారి హన్నెకె దిగాల్సిన ఇంట్లో అందరికీ ఆటలమ్మ సోకింది. మిగతా ఇళ్ళన్నీ నిండిపోయి, బడి పెద్ద దోన్ నెఫ్తాలి తల గోక్కుని, “మూడు వారాలేగా, మీరే పెట్టుకోండి ఎర్లిందా గారూ,” అన్నాడు. అలా హన్నెకె పొద్దున బల్ల దగ్గరా ఎర్లిందా ఎదురే, సాయంత్రం వంటింట్లోనూ ఎర్లిందా ఎదురే అయింది.

ఆ బల్ల దగ్గర ఎర్లిందాని అందరూ మాయెస్త్రా అంటారు, అంటే టీచరమ్మ. పదిన్నరకి గంట కొడితే కాఫీ వస్తుంది. ఆ కాఫీ తను పెట్టింది కాదు. గిన్నె కడగాల్సిందీ తను కాదు. రోజు మొత్తంలో ఆమె నడుం ఆన్చి కూర్చునేది ఆ కుర్చీలోనే, ఎదుటి మనిషి ఆమె నోట్లోంచి మాట ఎప్పుడొస్తుందా అని చూసేదీ అక్కడే. జీతం సంగతి వేరు. జీతం ఇంట్లోకే పోతుంది, పోయినట్టు కూడా తెలియదు. శుక్రవారంతో సరి అన్నప్పుడు ఆమెకి కళ్ళముందు మెదిలింది జీతం కాదు, ఆ కుర్చీ.

సోమవారం పొద్దున హన్నెకె వచ్చి కూర్చుంది. దిట్టమైన మనిషి, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుంటుంది. సొంతూళ్ళో సిటీ బస్సు నడిపి రిటైరైంది. మాటలు తక్కువ. వచ్చినవే కొన్ని కాబట్టి ఉన్నది ఉన్నట్టే వాడుతుంది. జరిగిపోయిన కాలంలో ‘చేయడం’ ఆ వారం పాఠం. ఈసె అంటే నేను చేశాను. ఈసో అంటే ఆమె చేసింది, ఆయన చేశాడు, రెండూనూ. ఎవరు చేశారో తెలియాలంటే పేరు కూడా చెప్పాలి. ఈసిమోస్ అంటే మేం చేశాం. పలక మీద ఇవన్నీ రాసి, రోజూ అందరినీ అడిగే ప్రశ్నే హన్నెకెని అడిగింది ఎర్లిందా.

“నిన్న మీరేం చేశారు?”

హన్నెకె ఆలోచించింది. నిన్న తను తిన్నది, నిద్రపోయింది, మళ్ళీ తిన్నది, అంతే. ఆదివారం కదా. తన గురించి చెప్పడం రెండు వాక్యాల్లో అయిపోయింది. అందుకని ఇంట్లోవాళ్ళ గురించి మొదలుపెట్టింది, “మీరు రొట్టెలు చేశారు, మీరు...” అని. ఎర్లిందా ఆపింది. ఈ బల్ల దగ్గర నేను మాయెస్త్రాని, అక్కడ రొట్టెలు చేసేది ఇంటావిడ, మీరు ఇంటావిడ గురించి నాకు తెలియనట్టే చెప్పండి, అప్పుడు ఈసో అన్నది బాగా నోరు తిరుగుతుంది అంది. పాఠం కోసమే అంది. మనసులో ఇంకేం లేదు.

హన్నెకె తలూపి, ఆ ఇంటావిడ ఏం చేసిందో చెప్పడం మొదలుపెట్టింది. ఇంటావిడ పిండి పట్టించుకొచ్చింది. ఇంటావిడ కోడిని కడిగింది. ఇంటావిడ వాకిట్లో తొట్టి దగ్గర దుప్పట్లు ఉతికింది, మళ్ళీ పిలిస్తే లోపలికెళ్ళింది, మళ్ళీ వచ్చి ఉతికింది. ఎర్లిందా వింటూ, క్రియ తప్పిన చోట చెయ్యెత్తి ఆపుతూ, బాగుంటే తలూపుతూ కూర్చుంది. ఎవరిదో ఇల్లు, ఎవరో ఆడమనిషి. వింటుంటే ఆ మనిషి మీద జాలి కూడా వేయలేదు, కాస్త విసుగేసింది. ఇంత సేపూ ఒక్కసారి కూడా ఎవరితోనూ ఏమీ అనలేదేమిటి ఈవిడ అనిపించింది. అయినా పాఠంలో లేని ప్రశ్న ఒకటి నోటికి వచ్చేసింది.

“ఇంటావిడ ఎప్పుడు తిన్నది?”

హన్నెకె కళ్ళు పైకెత్తి గుర్తుతెచ్చుకుంది. బస్సులో ఎవరు ఏ స్టాపులో దిగారో అడిగినట్టే ఆలోచించింది. “నేను చూడలేదు,” అంది.

వాక్యం సరిగ్గానే ఉంది. ఎర్లిందా తలూపింది, ఆ తర్వాత పలక తుడవడానికి గుడ్డ ఎక్కడుందో కాసేపు వెతుక్కుంది. గుడ్డ చేతిలోనే ఉంది.

ఆ మర్నాడు హన్నెకెకి ఒక అనుమానం వచ్చింది. సోమవారం సాయంత్రం భోజనాల దగ్గర రిగొబెర్తో ఆమెకి తల్లి సంగతులు చెప్పాడు. మేం అమ్మకి స్నానం చేయించాం, మేం మందులు వేశాం, మేం పక్క మార్చాం, ఎంత చేసినా తక్కువేలెండి అన్నాడు. మంచి స్పష్టంగా, నిదానంగా, పరదేశపు మనిషికి అర్థమయ్యేట్టు చెప్పాడు. హన్నెకెకి ప్రతి మాటా అర్థమైంది. అదే వచ్చింది చిక్కు.

“మేం అంటే ఎవరు?” అని అడిగింది.

ఎర్లిందా నియమం చెప్పింది. నేను, నాతో పాటు ఇంకొకరు, లేదా ఇంకొందరు.

“నేను ఇంటావిడ ఒక్కదాన్నే చూశాను,” అంది హన్నెకె. ఆయన కొత్తగా నేర్చుకుంటున్నవాడు కాదు కదా, మరి ఎందుకు తప్పన్నట్టు చూసింది.

తప్పు కాదండీ, ఇళ్ళల్లో అలాగే అంటారు అని చెప్పింది ఎర్లిందా. చెప్పాక తనే ఆలోచనలో పడింది. నిజమే, ఆ ఇంట్లో పని జరిగేది ఏకవచనంలో, చెప్పుకునేది బహువచనంలో. పెళ్ళయిన కొత్తలో అత్తగారు చుట్టాలతో, పండక్కి మేం రెండొందల మొక్కజొన్న తమాలెలు ఆకుల్లో చుట్టాం అంటుంటే, కోడలిని కలుపుకుని చెబుతోందని ఎర్లిందాకి ముచ్చటేసేది. నొయెమికి జ్వరమొచ్చి మూడు రాత్రులు కూర్చుంటే, మేం కంటి మీద కునుకు లేకుండా కనిపెట్టుకున్నాం అని రిగొబెర్తో దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. అతని గురక ఆ మూడు రాత్రులూ గోడవతల నుంచి ఆమెకి వినిపిస్తూనే ఉంది. అప్పుడు కూడా కోపం రాలేదు. మొగుడు పదిమందిలో కలుపుకుని మాట్లాడుతున్నాడు, ఇంకేం కావాలి అనుకుంది. తనతో కలవడం కాదని, తను చేసింది తీసుకెళ్ళి అందులో కలిపేసుకోవడమని అనుకోవడానికి ఇన్నేళ్ళూ తీరిక దొరకలేదు. ఇప్పుడూ తీరిక దొరికిందని కాదు. ఒక బస్సు డ్రైవరు అడిగింది కాబట్టి అనుకోవాల్సి వచ్చింది. ఎర్లిందాకి ఒళ్ళు మండింది. ముందు హన్నెకె మీద మండింది, ఆ తర్వాత మండాల్సినచోటికి వెళ్ళింది.

బుధవారం కాఫీ గంట కొట్టినప్పుడు దోన్ నెఫ్తాలి ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. మనిషి మంచివాడే, ఎవరినీ నొప్పించడు. గొంతు తగ్గించి, నిన్న మీవారు వచ్చి వెళ్ళారు ఎర్లిందా గారూ, మేం నిర్ణయించుకున్నాం, ఈ శుక్రవారంతో ఆవిడ మానేస్తుంది అని చెప్పారు, ఇన్నేళ్ళ మనిషి వెళ్ళిపోతుంటే మాకూ కష్టంగానే ఉంది అన్నాడు. సోమవారం నుంచి ఈ బల్లకి ఇంకొకరిని చూసుకుంటున్నానని కూడా చెప్పాడు. రిగొబెర్తో బడికి వచ్చాడని ఆమెకి తెలియదు. బ్యాటరీలో పోసే నీళ్ళు తెస్తానని బయటికెళ్ళాడు, నీళ్ళు తెచ్చాడు కూడా. ఆమె నోరు తెరిచి, “చూద్దాం లెండి,” అంది. ఆ చిన్నమాట దోన్ నెఫ్తాలికి ఒప్పుకోలుగానే వినిపించి ఉంటుంది. ఇంటికెళ్ళాక ఆమె మొగుణ్ణి కూడా అడగలేదు. అడిగితే నొయెమి పేరు వస్తుంది. ఆ పేరు రాకుండా ఎలా అడగాలో ఆమెకి తెలియలేదు.

ఆ బడిలో శుక్రవారం సాయంత్రం ఒక ఆనవాయితీ ఉంది. ఆ వారంతో చదువు ముగిసే విద్యార్థి అందరి ముందూ నిలబడి, ఇక్కడికొచ్చి తను ఏం చేసిందో, ఏం చూసిందో జరిగిపోయిన కాలంలో చెప్పాలి. దిగిన ఇంటివాళ్ళు కూడా వస్తారు. టీచరు విద్యార్థికి ఎడమపక్కన నిలబడుతుంది. వాక్యం తప్పు పోతే చెయ్యెత్తుతుంది, విద్యార్థి ఆగి మళ్ళీ సరిగ్గా చెబుతుంది, జనం చప్పట్లు కొడతారు. చెయ్యి లేవలేదంటే ఆ వాక్యం నెగ్గినట్టే. ముందుగా రాసుకొచ్చి చదవకూడదు, టీచరుకి చూపించకూడదు. అందులో ఎర్లిందా చెయ్యి మీద ఊళ్ళో అందరికీ నమ్మకం. పక్కింటి పిల్లల తగాదాల్లో కూడా “ఎర్లిందా చెయ్యెత్తిందా?” అని వేళాకోళమాడుకుంటారు.

హన్నెకె మూడు వారాలూ ఆ శుక్రవారంతో అయిపోతాయి. గురువారం బల్ల దగ్గర ఆమె, రేపు నేను ఇంటి గురించి చెబుతాను అంది. ఎర్లిందా చెప్పగలిగింది ఒక్కటే. చూసింది చెప్పండి, చూడనిది చెప్పకండి, పేర్లు మర్చిపోకండి. కొండ గురించో, వేడినీళ్ళ బుగ్గల గురించో, రొట్టెల రుచి గురించో చెబుతుందనుకుంది. అందరూ అవే చెబుతారు.

ఆ ఆనవాయితీకి ముందు అందరికీ బళ్ళోనే విందు, ఆ వారం పాచెలు వండే వంతు ఎర్లిందాదే. ఉడికించిన బంగాళదుంప ముద్దలో ఎర్రటి పులుసూ మాంసం ముక్కా పెట్టి, ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. షేలాలో అవి లేకుండా ఏ నలుగురూ కూడరు. శుక్రవారం మధ్యాహ్నమంతా ఆకులు తుడవడం, చుట్టడం, మధ్యలో అత్తగారి పిలుపు. సాయంత్రం ఆవిడకి పక్కింటావిడ తోడు కూర్చుంది. చివర్లో ఆ పెద్ద కుండ రిగొబెర్తో బడి గుమ్మం దాకా మోశాడు. మోసినంతసేపూ మోశాడు, అది కాదనడానికి లేదు. గుమ్మంలో దోన్ నెఫ్తాలి ఆహా అంటే, “మేం పొద్దున్నుంచీ దీని మీదే ఉన్నాం,” అన్నాడు.

భోజనాలయ్యాక విద్యార్థి దిగిన ఇంటి యజమాని రెండు మాటలు చెప్పాలి. రిగొబెర్తో లేచి చొక్కా సర్దుకున్నాడు. హన్నెకెని మేం సొంత మనిషిలా చూసుకున్నాం, మేం వండిపెట్టాం, ఉతికిపెట్టాం, మా అమ్మ మంచాన ఉన్నా మేం ఏ లోటూ చేయలేదు, షేలా ఇళ్ళు ఇలాంటివని మీ దేశంలో చెప్పండి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒదిలియా కూడా శనివారం సెలవు కలిసొచ్చిందని ఆ సాయంత్రమే మళ్ళీ దిగింది, ఆవిడ గట్టిగా కొట్టింది. వరండా గట్టు మీద నొయెమి కూర్చుని ఉంది.

హన్నెకె లేచి నిలబడింది. ఎడమపక్కన ఎర్లిందా. చేతులింకా ఆకుల వాసన వేస్తున్నాయి.

“నా పేరు హన్నెకె. నేను మీ ఊరు వచ్చింది.”

ఎర్లిందా చెయ్యి లేచింది. హన్నెకె ఆగి, “నేను మీ ఊరు వచ్చాను,” అంది. చప్పట్లు పడ్డాయి.

“నేను మా ఊళ్ళో బస్సు నడిపాను. అద్దంలో వెనకవాళ్ళని చూశాను. ఇక్కడ కూడా చూశాను. దోన్యా ఎర్లిందా చీకటితో లేచింది. దోన్యా ఎర్లిందా పొయ్యి వెలిగించింది. దోన్యా త్రాన్సితో పిలిచింది. దోన్ రిగొబెర్తో ‘ఎర్లిందా’ అన్నారు. దోన్యా ఎర్లిందా వెళ్ళింది.”

జనం నవ్వారు. రిగొబెర్తో కూడా నవ్వాడు, భుజాలెగరేసి, మగవాళ్ళ వైపు తిరిగి నవ్వాడు.

“దోన్యా ఎర్లిందా కాఫీ పెట్టింది. దోన్యా త్రాన్సితో పిలిచింది. దోన్ రిగొబెర్తో ‘ఎర్లిందా’ అన్నారు. దోన్యా ఎర్లిందా వెళ్ళింది. దోన్యా ఎర్లిందా దుప్పట్లు ఉతికింది. వర్షం వచ్చింది. దోన్యా ఎర్లిందా దుప్పట్లు తీసింది. దోన్యా త్రాన్సితో పిలిచింది. దోన్ రిగొబెర్తో ‘ఎర్లిందా’ అన్నారు.”

ఈసారి నవ్వు తగ్గింది. ముందు ఆడవాళ్ళు ఆపారు. హన్నెకె ఇవేమీ గమనించలేదు, తర్వాతి క్రియ వెతుక్కునే పనిలో ఉంది. ఎర్లిందా వింటోంది. పెళ్ళయినప్పటి నుంచీ తన పేరు కేక రూపంలోనే విన్నది. ఒక పని, దాని ముందు తన పేరు, మళ్ళీ ఒక పని, మళ్ళీ తన పేరు, ఇలా నలుగురిలో ఎవరూ చెప్పగా వినలేదు. సిగ్గేసింది. ఆ వెంటనే, సిగ్గు తనకెందుకు వేస్తోంది అని కూడా అనుకుంది.

“దోన్యా ఎర్లిందా ఎప్పుడు తిన్నదో నేను చూడలేదు,” అంది హన్నెకె. ఊపిరి తీసుకుంది. “దోన్ రిగొబెర్తో ఏం చేశారు? దోన్ రిగొబెర్తో ఏమీ చేయలేదు.”

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. అందరి కళ్ళూ ఎర్లిందా చేతి మీదికి వెళ్ళాయి. రిగొబెర్తో మొహంలో రంగు మారింది కానీ నవ్వు చెరగనివ్వలేదు. “మాయెస్త్రా గారూ, చెయ్యెత్తండి మరి. మీ శిష్యురాలు తప్పు చెప్పింది,” అన్నాడు. దోన్ నెఫ్తాలి కూడా సర్దిచెప్పేవాడిలా, భాష రాక అలా వచ్చింది పాపం, దిద్దండి ఎర్లిందా గారూ అన్నాడు.

హన్నెకె ఆమె వైపు తిరిగి నిజంగానే ఎదురుచూసింది. తప్పయితే మళ్ళీ చెప్పడానికి సిద్ధంగా ఉంది. ఎత్తితే ఎంతసేపు పని? చెయ్యెత్తి, ఏదో ఒకటి చేశారని చెప్పండి అంటే సరిపోతుంది, ఇంటికి ప్రశాంతంగా వెళ్ళొచ్చు. కానీ హన్నెకె ఊరుకోదు, ఏం చేశారు అని అడుగుతుంది. ఆ వాక్యంలో ఏం పెట్టాలో ఎర్లిందా వెతికింది. మంచి మనసుతోనే వెతికింది. కుండ మోశాడు, అది ఒకటి దొరికింది. అది ఇవాళ్టిది. ఇన్నేళ్ళ ఇంటికి అది సరిపోదు.

చెయ్యి కిందే ఉంచి, “వాక్యంలో తప్పేం లేదు. చెప్పనివ్వండి,” అంది.

“అయిపోయింది. థాంక్స్,” అంది హన్నెకె.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. వరండా గట్టు మీద నుంచి నొయెమి ఒక్కతే కొట్టింది, తర్వాత మిగతా టీచర్లు అందుకున్నారు. ఒదిలియా పర్సు తెరిచి అందులో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది. ఈ గొడవలోంచి ఎలా బయటపడాలో తెలియక దోన్ నెఫ్తాలి ముందే తెప్పించి పెట్టిన పూలగుత్తి పట్టుకొచ్చాడు. ఇన్నేళ్ళు మా దగ్గర పనిచేసి ఎర్లిందా గారు ఈరోజుతో సెలవు తీసుకుంటున్నారని, ఆ నిర్ణయం దోన్ రిగొబెర్తో మంగళవారమే వచ్చి చెప్పారని అన్నాడు.

ఎర్లిందా పూలగుత్తి తీసుకోలేదు. “ఆయన వచ్చి చెప్పారు. నేను రాలేదు, నేను చెప్పలేదు. సోమవారం ఎనిమిదికి వస్తాను,” అంది. గొంతు పెంచలేదు. పాఠం చెప్పే గొంతే అది, వెనక బల్లదాకా వినిపించే గొంతు.

ఇంటికి వెళ్ళే దారిలో ఖాళీ కుండ ఆమే మోసింది. రిగొబెర్తో చేతులు జేబుల్లో పెట్టుకుని నాలుగడుగులు ముందు నడిచాడు. ఊరంతా నవ్వేలా చేశావు అన్నాడు. ఆమె కుండ ఇంకో చంకకి మార్చుకుంది. అమ్మని ఎవరు చూస్తారు అన్నాడు. పొద్దుటిపూట మీరు చూస్తారు, దుకాణం ఇంట్లోనే ఉంది, మధ్యాహ్నం నుంచి నేను చూసుకుంటాను అంది. అతను నడక ఆపాడు.

“మగాణ్ణి, నేనెలా చూస్తానే? అయితే నొయెమిని మాన్పిస్తాను.”

“నొయెమి బడికి వెళ్తుంది. నేనూ వెళ్తాను,” అంది ఎర్లిందా. “అత్తయ్యకి కర్ర ఉంది. మరుగుదొడ్డి తలుపు దాకా చెయ్యందిస్తే చాలు, మిగతాది ఆవిడే చూసుకోగలదు. గంజి ఎలా కాయాలో చెప్పి వెళ్తాను.”

వెనకాల నొయెమి, హన్నెకె, ఒదిలియా వస్తున్నారు. ఇంటికి రాగానే ఒదిలియా తల్లి గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, గొణిగిన గొణుగుడు బయటికి వినిపిస్తూనే ఉంది. దానికి ముసలావిడ ఒక్కటే అడిగింది, “పొద్దున నా కొడుకు కాస్తాడా గంజి? చూద్దాం.” ఆ గొంతులో బాధ ఉందో, సరదా ఉందో ఎర్లిందా పోల్చుకోలేకపోయింది. మర్నాడు పొద్దున హన్నెకె సంచి భుజాన వేసుకుని బస్సెక్కింది. వెళ్ళేముందు ఎర్లిందాని గట్టిగా వాటేసుకుని, నేనేమైనా తప్పు చెప్పానా మాయెస్త్రా అని మళ్ళీ అడిగింది. లేదు అంది ఎర్లిందా.

సోమవారం నొయెమిని బడికి పంపి, గంజి ఎలా కాయాలో మొగుడికి చెప్పి, ఎర్లిందా ఎనిమిదికి తన కుర్చీలో కూర్చుంది. బల్లకి ఎదురుగా కొత్త కుర్రాడు కూర్చున్నాడు, ఏ దేశంవాడో ఇంకా చెప్పడం కూడా రాదు. వాడి నోట ఈసె అనిపించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యమధ్య ఇల్లు గుర్తొచ్చింది. రెండు వీధుల అవతల నుంచి కేక వినిపిస్తుందేమోనని చెవి అటు వేసింది కూడా. పదిన్నరకి కాఫీ వచ్చింది, తాగింది.

ఒంటిగంటకి ఇంటికొచ్చేసరికి దుకాణం తలుపు ఒక రెక్క వేసి ఉంది. వంటింట్లో పొయ్యి చుట్టూ గంజి పొంగిన మరకలు, నేల మీద తడి, తాడు మీద అడ్డదిడ్డంగా ఆరేసిన ఒక దుప్పటి. పక్కగదిలోంచి అత్తగారు, ఇందులో ఉప్పు వేసిన పాపాన పోలేదు, మళ్ళీ కాయమని చెప్పవే వాడికి అంటోంది. రిగొబెర్తో చేతులు పైకి మడిచిన చొక్కాతో, జుట్టంతా రేగిపోయి, గుమ్మంలో నిలబడ్డాడు. ఎర్లిందా సంచి దింపి, బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ ఇంట్లో అందరూ కూర్చునే బల్లే అది. ఎదురు కుర్చీ అతని వైపు తోసింది.

“పొద్దున మీరేం చేశారు?” అని అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

అడిగిందే తడవు, అతను కూలబడి మొదలుపెట్టాడు. నేనే లేపాను, నేనే మొహం కడిగాను, గంజి నేనే కాశాను, పొంగిపోతే మళ్ళీ నేనే కాశాను, బ్యాటరీ కోసం వచ్చినవాణ్ణి నిలబెట్టి నేనే తలుపు దాకా నడిపించాను, పక్క తడిస్తే దుప్పటి నేనే ఉతికాను, నా నడుం విరిగింది, నేనింకా అన్నం తినలేదు తెలుసా అన్నాడు. ఎర్లిందా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మధ్యలో అడ్డం రాకుండా మొత్తం విన్నది. అతను ఒక్కసారి కూడా మేం అనలేదు. ఆమె చెయ్యెత్తాల్సిన అవసరం ఎక్కడా రాలేదు.